రికార్డు రూము తలుపు

మా పల్నాడులో హత్యలన్నీ టీ టైములోనే జరుగుతాయి. నమ్మకపోతే ఏ కోర్టుకైనా వెళ్ళి పాత తీర్పులు తిరగేసి చూడండి. నడిబజారులో, పట్టపగలు, వందమంది మధ్య మనిషిని నరికి ఉంటారు. ఆ వందమందీ బోనెక్కి ఒకటే మాట చెప్పి ఉంటారు, "ఆ టైములో నేను టీకి పోయాను" అని. చూసినవాడు బతికి బట్టకట్టాలంటే ఆ టీ తాగి ఉండాల్సిందే. మా నాన్న తరం తాగింది. నేనూ తాగాను. నా పేరు పిచ్చియ్య. గురజాల కాలవల ఆఫీసులో అటెండరుగా ముప్పై ఏళ్ళు చేసి, రిటైరయ్యాక అదే బిల్డింగుకు వాచ్‌మన్‌గా కూర్చున్నవాణ్ణి.

సాగర్ డ్యాము కట్టే రోజుల్లో లేచిన బిల్డింగు అది. రెండడుగుల మందం రాతిగోడలు, ముందు పొడుగాటి వరండా, వరండా పొడుగునా వరసగా తొమ్మిది గదులు. చిట్టచివరిది రికార్డు రూము. దాని తర్వాత గోడే, దారి లేదు. జిల్లా కొత్తగా ఏర్పడ్డాక ఆఫీసు నరసరావుపేటకు తరలిపోయింది. పావురాలూ, తాగుబోతులూ మిగిలారు. రెండేళ్ళ తర్వాత ఒక ట్రస్టువాళ్ళు దాన్ని తీసుకున్నారు. ఊళ్ళో కొత్తగా వచ్చిన నర్సింగు కాలేజీ ఆడపిల్లలు ఎరువుల కొట్ల మీది గదుల్లో, ఆ ఘాటు వాసనలో అద్దెకుంటున్నారు, వాళ్ళకు హాస్టలు చేస్తామని.

హాస్టలంటే పాతది కూల్చి కొత్తది కట్టడమే అనుకున్నాం అందరం. టిప్పర్లూ, ప్రొక్లెయినర్లూ ఉన్న కోటిబాబయితే ఆ రాయీ, ఆ టేకూ అప్పుడే తనవైనట్టు ఊళ్ళో మాట్లాడేశాడు. కూల్చే పని అతనిది కాకపోతే ఇంకెవరిది? మా ఊళ్ళో కూల్చడంలో అతన్ని మించినవాడు లేడు.

ఇంతలో ఇంజినీరు వచ్చింది. గేటు దగ్గర స్కూటీ ఆపి, నన్ను చూసి నవ్వింది.

"బాబాయ్, గుర్తుపట్టావా? గ్రేసమ్మ కూతుర్ని. హెప్సిబాని."

గుర్తుపట్టకేం! ఏటా క్రిస్మస్‌కి వాళ్ళింటికి వెళ్ళి, గ్రేసమ్మ చేతి అన్నం తిని వచ్చేవాణ్ణి. తిన్న ప్రతిసారీ ముద్ద గొంతుకు అడ్డం పడేది. అయినా వెళ్ళేవాణ్ణి. మానేస్తే ఎందుకు మానేశాడని వాళ్ళకు అనుమానం వస్తుందేమోనని భయం. ఆరేళ్ళ పిల్లగా తండ్రిని పోగొట్టుకున్న ఆ అమ్మాయి ఇరవై ఎనిమిదేళ్ళకు, ఆ తండ్రిని నరికిన వరండాలోకే టేపు పట్టుకుని వచ్చింది.

మొదటి రోజే కూలీలందరినీ నిలబెట్టి చెప్పింది. "ఇది కూల్చట్లేదు. ఈ గోడలు ఇంకో వందేళ్ళు ఉంటాయి. ఎండాకాలం ఫ్యాను లేకుండా పడుకోవచ్చు ఇందులో. పాత రాయి పాతచోటే ఉంటది. ర్యాకుల టేకు మంచాలవుద్ది. వాన నీళ్ళు తొట్టిలోకి, స్నానాల నీళ్ళు అరటి చెట్లకి. ఒకటే మాట, ఇక్కణ్ణించి ఒక్క మేకు కూడా బయటికి పోగూడదు."

కూలీలు ముఖముఖాలు చూసుకున్నారు. నేను మాత్రం చిట్టచివరి గది వైపు చూశాను. ఒక్క మేకు బయటికి పోకపోతే ఆ తలుపు కూడా పోదు.

ఆ తలుపు సంగతి చెప్పాలి. 2003లో సాగర్ నీళ్ళు అడుగంటాయి. వంతులవారీగా వదిలేవారు, ఈ వారం ఈ ఊరికి, వచ్చే వారం ఆ ఊరికి. హెప్సిబా తండ్రి గురవయ్య మా లస్కరు, అంటే కాలవ తూములు ఎత్తే, దించే మనిషి. వంతు కాని రోజున కోటిబాబు తన పొలానికి తూము ఎత్తమన్నాడు. గురవయ్య ఎత్తలేదు. ఎత్తకపోగా తూముకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, రిపోర్టు రాయించడానికి ఆఫీసుకు వచ్చాడు. వెనకాలే కోటిబాబూ, మరో ముగ్గురూ వచ్చారు. చేతుల్లో వేటకొడవళ్ళు ఉన్నాయి.

పొద్దున పదకొండు గంటలు. గురవయ్య వరండాలో పరుగెత్తుకు వస్తుంటే ఒక్కో గది తలుపూ దభీమని మూసుకుంది. చదువుకున్నవాళ్ళూ, గుమాస్తాలూ, సూపరింటెండెంటూ, అందరూ. నేను ఫైలు కోసం రికార్డు రూములో ఉన్నాను. చప్పుడు విని తొంగిచూశాను. అతని కళ్ళు నా కళ్ళలో పడ్డాయి. అతని ముఖం వెలిగింది. ఒక్క తలుపన్నా తెరిచి ఉందని కాబోలు. నేను తలుపు తోసి గడియ వేశాను.

"తమ్ముడా! నేన్రా, గురవయ్యని! తలుపు తియ్యిరా!"

రెండు అరచేతులతో బాదాడు. ఇద్దరం రోజూ ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగేవాళ్ళం. ఆ ఇనప గడియను నా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. మొదటి వేటు తలుపు మీద పడింది. కర్ర చీలిన చప్పుడు నా చెవి పక్కనే. రెండోది మనిషి మీద పడింది. ఆ చప్పుడు వేరు. మళ్ళీ తలుపు, మళ్ళీ మనిషి. "తమ్ముడా" అన్న పిలుపు సగంలో నీళ్ళు పుక్కిలించినట్టు అయిపోయింది. కాసేపటికి గడప కిందినుంచి నెత్తురు పారి నా చెప్పుల దాకా వచ్చింది. నేను కాళ్ళు పక్కకు జరుపుకున్నాను.

ఇన్నేళ్ళలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ కాళ్ళు జరుపుకోవడమే.

తర్వాత పెద్దమనుషులు వచ్చారు. "పిచ్చియ్యా, నీకూ పిల్లలున్నారు" అన్నారు. కోర్టులో ఆఫీసు సిబ్బంది పన్నెండు మందిమీ టీకి పోయామని చెప్పాం. టీ బంకు దగ్గర ఉన్నది ఒక్క బల్ల. ప్లీడరు అడిగాడు, ఒక్క బల్ల మీద పన్నెండు మంది ఎలా కూర్చున్నారని. కోర్టు హాలంతా నవ్వింది. కేసు కొట్టేశారు. తలుపు మీది గాట్లకు నేనే లప్పం పెట్టి, పైన ఆకుపచ్చ రంగు వేశాను. అది మొదలు ప్రతి దసరాకీ ఇంకో పూత. రంగు ఎంత మందమైతే అంత మంచిదనుకున్నాను.

ఆ రంగంతా మొన్న ఫిబ్రవరిలో జాన్ సాహెబు గీకేశాడు. వినుకొండనుంచి వచ్చిన వడ్రంగి, మంచి పనివాడు. బల్ల మీద తలుపును పడుకోబెట్టి గీకుతుంటే పచ్చరంగు పొరలు పొరలుగా లేచింది. లప్పం పెళ్ళలు ఊడి కిందపడ్డాయి. నాలుగు గాట్లు నోళ్ళు తెరుచుకున్నాయి.

"యా అల్లా! ఇదేందయ్యా, తలుపునా ఇది, మాంసం కొట్టే మొద్దా?" అన్నాడు సాహెబు. "చిత్రిక పడితే పోతయ్‌లే."

"పట్టమాకు సాహెబ్ మామా" అంది హెప్సిబా. ఎప్పుడొచ్చిందో, మా వెనకే నిలబడి ఉంది. ఒక్కో గాటులో వేలు పెట్టి చూసింది. ఏడవలేదు. తర్వాత తలుపును అవతలివైపుకు తిప్పమంది. లోపలి వైపు నున్నగా ఉంది, ఒక్క గీత లేదు, ఇనప గడియ తప్ప. ఆ గడియను కిందికీ పైకీ ఆడించి చూసింది.

"తలుపు మూసుంటేనే గదా బయట గాట్లు పడేది? గడియ లోపలుంది. ఆ రోజు లోపల ఎవరన్నా ఉన్నారా బాబాయ్?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నా నోరు మాత్రం అలవాటు పడ్డ దారినే పోయింది.

"ఏమో అమ్మా. నేను ఆ టైములో టీకి పోయా."

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసింది. "టీ బాగుందా బాబాయ్?" అని మాత్రం అడిగి, వెళ్ళిపోయింది.

గడియను సాహెబు ఊడదీసి, నూనె పూసి, తన బల్ల మీద పెట్టుకున్నాడు. రికార్డు రూమును పిల్లలు చదువుకునే గదిగా మారుస్తున్నారు. నలభై మంది కూర్చునే గదికి తలుపు బయటికి తెరుచుకోవాలని హెప్సిబా పట్టు పట్టింది. "ఏదన్నా ఐతే లోపలున్నోళ్ళు తోసుకుని బయటికొచ్చెయ్యాలి. లోపలికి లాక్కుంటా నిలబడే తలుపు నాకొద్దు" అంది. కొక్కేలు మార్చి, గాట్లు బయటికి కనిపించేలాగే తలుపు నిలబెట్టారు. బయట పట్టుకు లాగడానికి పాత ఇనప కొండీనే బిగించారు. లోపల ఒక చేతిపిడి తప్ప గడియ ఇంకా పెట్టలేదు.

గోడల సంగతి రోశమ్మ చూసేది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, నోరు తెరిస్తే బూతే. పాత గోడలకు మధ్యలో ఎవరో కొట్టిన సిమెంటును ఊడగొట్టి, మళ్ళీ సున్నమే కొట్టాలని ఇంజినీరమ్మ మాట. సిమెంటయితే చెమ్మను లోపల బిగబట్టి రాతిని తినేస్తుందట. రికార్డు రూము పక్కనే దొడ్లో గుంట తవ్వి, కాల్చిన సున్నపురాయిని అందులో వేసి నీళ్ళు పోసేది రోశమ్మ. రాయి పగిలి, కుతకుతమని ఉడికి, ఆవిరి లేచేది. ఆ గుంట పక్కన మంచినీళ్ళ డ్రమ్ములు రెండు ఎప్పుడూ నిండుగా ఉండాలని హెప్సిబా రూలు.

"కంట్లో పడితే అరగంట ఆపకుండా నీళ్ళు పొయ్యాలి" అనేది.

"ఎవుడి కంట్లో పడుద్దో ముందు చెప్తే ఆడికి స్నానం జేపిచ్చి కూచోబెడతా" అనేది రోశమ్మ.

కోటిబాబు మొదటిసారి మార్చిలో వచ్చాడు. తెల్లచొక్కా, జుట్టుకు రంగు, యాభై అయిదు దాటినా కండ సడలలేదు. వరండాలో నడిచి వచ్చి, ఆ తలుపు చూసి ఆగిపోయాడు. తర్వాత గాట్ల మీద అరచెయ్యి పెట్టి నవ్వాడు.

"చేవగల కర్ర" అన్నాడు. నా వైపు తిరిగి, "ఏం పిచ్చియ్యా, టీ తాగావా?" అని నా చెంప మీద రెండుసార్లు తట్టాడు, ఎద్దును తట్టినట్టు. నేను తల దించుకున్నాను.

హెప్సిబా బయటికి వచ్చింది.

"ఏమ్మా, గురవయ్య కూతురివంట గదా. బిల్డింగు కూల్చెయ్యక ఈ పాత బొంతకి మాసికలేందమ్మా? సరే, నీ ముచ్చట నీది. ఈ తలుపు మాత్రం రేపటికల్లా పొయ్యిలో ఉండాల."

"ఇక్కణ్ణించి ఒక్క మేకు కూడా పోదండీ" అంది ఆ పిల్ల. "పిల్లలొచ్చాక, ఈ గాట్లేందని అడుగుతారు. ఎవరు పెట్టారో చెప్తాం."

కూలీల ముందు, పట్టపగలు. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అతని ముఖం మీద అనలేదు. కోటిబాబు ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళలోది మాత్రం పోయింది. వెనక్కి తిరిగి వెళ్ళాడు. అరిచే కుక్క కరవదంటారు. కోటిబాబు అరవలేదు.

నాలుగో రోజు పొద్దున పదకొండింటికి కూలీలందరూ టీకి పోయారు. ఈసారి నిజంగానే పోయారు. వరండాలో జాన్ సాహెబు, అయిదో గదిలో హెప్సిబా, సున్నపు గుంట దగ్గర రోశమ్మ, గేటు దగ్గర నేను. అంతే ఉన్నాం. టిప్పరొకటి వచ్చి గేటును గుద్దుకుని లోపలికి వచ్చింది. ఒక రెక్క ఊడి నా పక్కనే పడింది. కోటిబాబూ, మరో ముగ్గురూ దిగారు. ముగ్గురూ కొత్తవాళ్ళు, కుర్రాళ్ళు. వేటకొడవలి మాత్రం కోటిబాబు చేతిలో పాతదే అనిపించింది నాకు.

హాస్టలుకని తెచ్చి గోడకు ఆనించిన సోలారు పలకలను ఒకడు గునపంతో పొడిచాడు. అద్దం పొడి పొడిగా రాలింది. "ఏంది బాబూ ఇది, ఏంది?" అంటూ జాన్ సాహెబు లేచి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇనపరాడ్డు ఆ చేతి మీదే దిగింది. మోచేతి కింద ఎముక పుటుక్కుమన్న చప్పుడు గేటు దగ్గర నాకు వినిపించింది. ముసలాయన కూలబడితే కడుపులో తన్నారు.

"యాడుందిరా అది?" అన్నాడు కోటిబాబు.

హెప్సిబా గదిలోంచి బయటికి వచ్చింది. రావడంతోనే వేటు పడింది. వంగింది కాబట్టి తల దక్కింది, ఎడమ భుజం చీలింది. అటు మనుషులు, ఇటు వరండా. పరుగెత్తింది. వరండా చివర ఏముందో మీకు తెలుసు. రికార్డు రూములోకి దూరి తలుపు లాక్కుంది.

నేనేం చేశానో కూడా చెప్పాలి. దొడ్డి గేటు వైపు పరుగెత్తాను. అరవై దాటిన కాళ్ళు ఎంత వేగంగా పోగలవో నాకు ఆ రోజే తెలిసింది. దొడ్డి గేటు గడియ మీద చెయ్యి వేశాను. చల్లటి ఇనుము.

"బాబాయ్!" అని కేక వినపడింది లోపల్నుంచి. "బాబాయ్!"

అచ్చం వాళ్ళ నాన్న గొంతు. ఆ ఇనుము నా చేతిని కాల్చినట్టయింది. చెయ్యి వదిలేసి వెనక్కి తిరిగాను. ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. ఇంకో ఇరవై రెండేళ్ళు ఆ కేక వింటూ బతకడం నావల్ల కాదనిపించింది, అంతే.

సున్నపు గుంట దగ్గర రోశమ్మ పార పట్టుకుని కొయ్యబారి ఉంది. గుంటలో సున్నం అప్పుడే పోసిన నీళ్ళకు కుతకుతలాడుతోంది. రంగు డబ్బాలు రెండు పక్కన ఉంటే ముంచాను. మోచేతుల దాకా చర్మం ఊడివచ్చినంత మంట. వరండా ఎక్కాను.

కోటిబాబు తలుపును భుజంతో గుద్దుతున్నాడు. కాలితో తన్నుతున్నాడు. తలుపు కదలడం లేదు.

"గడియ బెట్టుకుందిరా! ఈళ్ళ ఇంటోళ్ళకి ఈ గదే దొరుకుద్ది" అని, కొడవలి ఎత్తి తలుపు మీద వేశాడు. మళ్ళీ వేశాడు. పాత గాట్ల పక్కన కొత్త గాట్లు. ఆ తలుపు అతనికి తెలుసు మరి. ఇరవై రెండేళ్ళ కిందట లోపలికి తెరుచుకునేది, లోపల గడియ ఉండేది. ఇప్పుడు లోపల గడియే లేదు. కొండీ పట్టుకుని ఒక్కసారి లాగితే, అవతల పిడి పట్టుకున్న ఆ పిల్లతో సహా బయటికి వచ్చేస్తుంది. చిన్నపిల్లాడికి తట్టే సంగతి అతనికి తట్టలేదు.

"కోటిబాబూ" అన్నాను.

తిరిగాడు. డబ్బాలు చూడలేదు, నన్నే చూశాడు. పళ్ళు బయటపెట్టాడు. "ఏందిరా పిచ్చియ్యా, టీకి పోలా?"

"పోలా" అని, మొదటి డబ్బా ముఖాన కొట్టాను.

ఆ అరుపు మనిషిది కాదు. కొడవలి కిందపడింది. రెండు చేతులతో ముఖం పట్టుకుంటే చేతులకూ అంటుకుంది. పక్కనున్నవాడు ఆ కొడవలి అందుకుని నా మీదికి దూకాడు. అడ్డం పెట్టిన ఎడమచేతి రెండు వేళ్ళు ఎగిరి వరండా రాళ్ళ మీద పడ్డాయి. నొప్పి వెంటనే తెలియలేదు. రెండో డబ్బా వాడి మెడ మీద ఒలికింది. వెనకనుంచి రోశమ్మ, నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ, ఇంకొకడి మోకాళ్ళ వెనక పారతో కొట్టింది. వాడు కుంటుతూ, మెడ కాలినవాడు ఏడుస్తూ, మూడోవాడు అందరికన్నా ముందు, టిప్పరెక్కి పోయారు. నాయకుణ్ణి వదిలేసి పోయారు.

తలుపు తెరుచుకుంది. భుజం నుంచి నెత్తురు కారుతూ హెప్సిబా బయటికి వచ్చింది. నేల మీద దొర్లుతున్నవాణ్ణి చూసింది. ముఖం తెల్లగా, కళ్ళు మూసుకుపోయి, "కళ్ళు, కళ్ళు" అంటున్నాడు. తండ్రి పడ్డచోటే పడి ఉన్నాడు.

"నీళ్ళు!" అని అరిచింది. "డ్రమ్ము తెండి!"

"సావనియ్యమ్మా" అన్నాను.

"నా సైటులో ఎవుడూ చావడు. పొయ్యి!"

అతని జుట్టు పట్టి ముఖం పైకెత్తి, రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుంది. నేను చెంబుతో పోశాను. నా తెగిన వేళ్ళ నెత్తురు ఆ నీళ్ళలో కలిసి ఎర్రగా కారింది. అరగంట. ఆపకుండా. నా తలలో ఒకటే మాట తిరిగింది, గురవయ్యకు ఒక్క చుక్క నీళ్ళు పోసినవాడు లేడని.

ఒక అంబులెన్సులో కోటిబాబునీ, ఇంకోదాంట్లో జాన్ సాహెబునీ పంపాక సీఐ వచ్చాడు. నా చేతికీ, హెప్సిబా భుజానికీ అక్కడే కట్లు కట్టారు. టీకి పోయిన కూలీలు తిరిగివచ్చి వరండా నిండా నిలబడ్డారు. గ్రేసమ్మ కబురు విని చెప్పుల్లేకుండా పరుగెత్తుకు వచ్చింది.

"సున్నం పోసింది ఎవరు? ఎవరు చూశారు?" అన్నాడు సీఐ.

"టీకి పోయాం సార్." పద్నాలుగు గొంతులు.

"నేను గూడా టీకే పోయా సార్" అంది రోశమ్మ. చీరంతా సున్నం, చేతిలో పార.

"నేను లోపలున్నాను. పోసింది చూడలేదు" అంది హెప్సిబా. అదీ నిజమే.

సీఐ నవ్వాడు. "ఇంత పెద్ద ఊళ్ళో టీ తాగనోడు ఒక్కడూ లేడా?" అంటూ నా వైపు తిరిగాడు. అందరూ నా వైపే చూశారు. వాళ్ళు నాకు దారి తీసి పెట్టారు. నేనూ ఆ మాటే అంటే చాలు, సున్నం ఎవరో తెలియని వ్యక్తి పోసినట్టే. జన్మలో మొదటిసారి ఆ మాట నా మేలు కోసం పదిమంది అంటున్నారు.

అప్పుడు గ్రేసమ్మ నా ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది. "ఆయన్ని కాపాడేటోడు ఆ రోజు ఒక్కడూ లేకపోయె. నా బిడ్డనన్నా దక్కించావయ్యా. నీ రుణం యాడ తీర్చుకునేది?" అంటూ నా కాళ్ళకు వంగబోయింది.

కాళ్ళు. ఆ రోజు నేను పక్కకు జరుపుకున్న కాళ్ళు.

ఒక్క అడుగు వెనక్కి వేశాను. "నేను టీకి పోలేదు సార్" అన్నాను. "ఇయ్యాలా పోలేదు, ఆ రోజూ పోలేదు. సున్నం పోసింది నేనే. ఆ రోజు ఈ గదిలో ఉంది కూడా నేనే. గురవయ్య తమ్ముడా అని పిలిచాడు. తలుపు బాదాడు. గడియ పట్టుకుని నిలబడ్డా. నరికింది ఈ కోటిబాబే. మొత్తం విన్నా. నెత్తురు నా కాళ్ళ కిందికొస్తే కాళ్ళు జరుపుకున్నా."

గ్రేసమ్మ చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. తర్వాత ఆమె ఒక కూలీ కాలి చెప్పు లాక్కుని నన్ను కొట్టింది. ముఖం మీద, తల మీద, కట్టు కట్టిన చేతి మీద.

"ఇరవై రెండేళ్ళు! నా ఇంటికొచ్చి, నా చేతి కూడు తిన్నావు గదరా! నేను పెడతా ఉంటే ఎట్టా దిగిందిరా నీకు? ఎట్టా దిగింది?"

కానిస్టేబులు అడ్డం రాబోతే, "కొట్టనివ్వండి" అన్నాను. కొట్టి కొట్టి ఆమే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. దెబ్బలకు కాదు.

హెప్సిబా ఏడవలేదు. జాన్ సాహెబు బల్ల దగ్గరికి వెళ్ళింది. నూనె పూసి పెట్టిన ఆ పాత గడియ తీసుకొచ్చి, నా కుడిచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇది మీది, పిచ్చియ్య గారూ. తీసుకుపోండి."

గారూ అంది. బాబాయ్ అనలేదు. గ్రేసమ్మ చెప్పు దెబ్బలన్నీ కలిసినా ఆ మాట ముందు చాలవు. దాంతోనే జీపెక్కాను.

సబ్‌జైల్లో నా వస్తువుల పట్టీలో చొక్కా, కళ్ళజోడు, ఇనప గడియ ఒకటి అని రాసుకున్నారు. బెయిలు మీద వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చారు. ఇప్పుడు రెండు కేసుల్లో ఉన్నాను, సున్నం పోసినదాంట్లో ముద్దాయిని, హెప్సిబాను నరికినదాంట్లో సాక్షిని. పాత కేసు మళ్ళీ తెరవడానికి వీల్లేదట, ఒకసారి కొట్టేసింది కొట్టేసిందేనట. కోటిబాబుకు ఒక కన్ను పోయింది. నీళ్ళు పోయబట్టి రెండోది దక్కిందని డాక్టరు అన్నాడట. పెద్దమనుషులు మళ్ళీ మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. టీ ఇచ్చి పంపాను, మాట ఇవ్వలేదు.

జూన్‌లో హాస్టలు తెరిచారు. మాచవరం నుంచి, పెదకూరపాడు నుంచి ఆడపిల్లలు ట్రంకుపెట్టెలతో దిగారు. గ్రేసమ్మ వాళ్ళకు వంట చేస్తోంది. నేను రోడ్డు అవతలనుంచే చూస్తాను, గేటు దాటను. చదువుకునే గది తలుపుకు పాతవీ కొత్తవీ కలిపి గాట్లన్నీ అలాగే ఉన్నాయని, రంగు వేయకుండా నూనె మాత్రమే పెట్టారని, లోపల గడియ పెట్టనే లేదని జాన్ సాహెబు చెప్పాడు. కట్టు విప్పిన చేత్తో చిత్రిక పట్టడం ఇంకా కష్టంగానే ఉందట ఆయనకు.

గడియ మా ఇంట్లో కిటికీ మీద ఉంది. ఒక్క మేకు కూడా బయటికి పోగూడదన్న పిల్ల, ఆ బిల్డింగులోంచి బయటికి పంపింది దాన్నీ, నన్నూ.